ట్రూడీ పట్టిన జాడ

ఏప్రిల్ 9, బుధవారం

మధ్యాహ్నం ఒకావిడ ట్రక్కు దిగి, అట్టపెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చి, హార్లన్ టీటర్ ఇల్లు ఇదేనా, కుక్కపిల్లను తెచ్చాను అంది. ఏ కుక్కపిల్ల అన్నాను. జనవరిలో హార్లన్ ఫోన్ చేసి కావాలన్నాడట. జనవరిలో హార్లన్‌కు రెండు చేతులూ, రెండు కాళ్ళూ, నోటినిండా మాటలూ ఉన్నాయి. నాకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఫిబ్రవరి మూడున బావి తవ్వే యంత్రం పక్కన పడిపోయాడు. పక్షవాతం. కుడిపక్క మొత్తం పోయింది. మాటల్లో మూడో నాలుగో మిగిలాయి.

పెట్టెలోంచి గరుకు బొచ్చు మూతి ఒకటి పైకొచ్చింది. జానెడు కాళ్ళు, మూరెడు ఒళ్ళు. డాక్స్‌హుండ్ జాతి, పుట్టి పది వారాలు, పేరు ట్రూడీ. బాణం తగిలి పారిపోయిన జింకను వెతకాలంటే దీన్ని మించింది లేదని, మా ఆయన దీని తల్లి గురించి ఇరవై నిమిషాలు అడిగాడని ఆవిడ చెప్పింది. వెనక్కి తీసుకెళ్ళమని చెప్పబోతుంటే లోపల కుర్చీలోంచి హార్లన్ "కాదు, కాదు, కాదు" అన్నాడు. ఇప్పుడతను ఏమి చెప్పదలచుకున్నా 'కాదు' అనే వస్తుంది. ఎడమ చెయ్యి చాచి ఉంచాడు, దించలేదు.

నెలాఖరు దాకా ఉంచుతాను, తర్వాత వచ్చి తీసుకెళ్ళండి అన్నాను.

ఏప్రిల్ 11

వంటింట్లో మూడుసార్లు. హార్లన్ చెప్పులో ఒకసారి.

ఏప్రిల్ 20, ఈస్టర్

మేం భోజనం చేస్తుంటే డ్వైట్ వాన్ ఎటెన్ వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు. ఈ చుట్టుపక్కల ఎవరి బాణం దెబ్బ తిన్న జింక కనపడకుండా పోయినా ముప్పై ఏళ్ళుగా డ్వైట్‌కూ అతని కుక్కకూ కబురు వెళ్తుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఆ పని హార్లన్‌కు అప్పజెప్పాలని చలికాలంలో ఇద్దరూ అనుకున్నారట. అదీ నాకు ఇవాళే తెలిసింది.

డ్వైట్ సంచిలో గడ్డకట్టిన జింక కాలేయం తెచ్చాడు. దాన్ని తాడుకు కట్టి వెనకవైపు గడ్డి మీద యాభై అడుగులు ఈడ్చుకెళ్ళు, ఒక్కచోట వంపు తిప్పు, చివర చిన్న ముక్క పెట్టి రా అన్నాడు. ఇరవై ఏళ్ళుగా బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతున్న చేతులు ఇవి, మాంసమంటే అసహ్యం లేదు. కానీ ఈడ్చుకుంటూ నడుస్తుంటే పక్కింటివాళ్ళు చూస్తారేమోనని సిగ్గేసింది. పావుగంట ఆగాక పిల్లను దింపాం.

అది ముందు నా బూటు లేసు కొరికింది. తర్వాత ఒక సీతాకోకచిలుక వెంట పడింది. తర్వాత ఉన్నట్టుండి మూతి కిందికి దిగింది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ మూతి దిగగానే అది వేరే జంతువైపోయింది. తోక ఆగింది. చెవులు నేలకు ఆనుకున్నాయి. సూదిలో దారం ఎక్కినట్టు సన్నగా, సూటిగా వెళ్ళింది. వంపు దగ్గర దాటిపోయి, ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, తిరిగింది. పన్నెండు వారాలు కూడా నిండని పిల్ల! చివర ముక్క దొరికాక తల పైకెత్తి నా వైపు చూసింది. నేను కేక పెట్టానట. తర్వాత డ్వైట్ చెప్పాడు.

కిటికీ లోపల హార్లన్ ఎడమ చేత్తో బల్ల మీద కొడుతున్నాడు.

ఏప్రిల్ 21

మళ్ళీ చేశాం. డెబ్బై అడుగులు, రెండు వంపులు. హార్లన్ కోసమే. అతను లేచే దాకా కుక్క పని మరిచిపోకుండా ఉండాలి కదా.

ఏప్రిల్ 30

ఆవిడకు ఫోన్ చేయలేదు. మే నెల కూడా చూద్దాం.

మే 8

హార్లన్ మాట్లాడలేడు కానీ నేర్పగలడు. వెనక గదిలో పడి ఉన్న అతని పాత నోటుపుస్తకం తెప్పించుకుని ఎడమ చేత్తో గీతలు గీస్తాడు. గీత వంకర, అర్థం సూటి. గాలి ఎటు నుంచి వస్తోందో బాణంగుర్తు వేస్తాడు. నేను తప్పుగా అర్థం చేసుకుంటే "కాదు." సరిగ్గా చేసుకున్నా "కాదు", కాకపోతే అది వేరే 'కాదు'. ఇప్పుడు తేడా తెలుస్తోంది.

తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ ట్రూడీ ఉడుత వెంట పోతే "దీనెమ్మ, వెధవ ముండ" అని స్పష్టంగా, సగం పొలానికి వినపడేలా అన్నాడు. తిట్లు మెదడులో వేరే అరలో ఉంటాయని మాట్లాడించే చికిత్స చేసే అమ్మాయి చెప్పింది. నేను అంత నవ్వి చాలా రోజులైంది.

మే 15, గురువారం

హార్లన్ ఫిజియోథెరపీ వచ్చే వారానికి మారింది. అక్కడ రద్దీ అట.

ట్రూడీ ఆరు గంటల పాత జాడ తీసింది. ఆరు గంటలు! పొద్దున ఎనిమిదింటికి చుక్కలు వేశాను. సీసాలో జింక నెత్తురు, కర్రకు కట్టిన స్పాంజి, అడుగుకొక అద్దు. రెండింటికి బయల్దేరాం. కంచె పక్కగా, రాళ్ళ గోడ మీదుగా, వాగు గట్టుదాకా మూడు వందల అడుగులు. రాళ్ళ గోడ ఎక్కలేక ముందు కాళ్ళు ఆనించి నిలబడింది. ఎత్తి అవతల దింపాను. దింపీ దింపగానే మూతి నేలకు.

ఒక విషయం రాసుకోవాలి. పనికి వెళ్ళేటప్పుడు మాత్రమే ట్రూడీ మెడకు వేసే వెడల్పాటి పట్టీ ఒకటి ఉంది. దాన్ని గోడ మేకు మీంచి తీసిన చప్పుడు వింటే చాలు, అది వణుకుతుంది. భయంతో కాదు. నాకూ అలాగే అవుతోంది.

జూన్ 3

ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన నెత్తురు సీసాలు నాలుగు. బడి వంటగదిలో నాతో పనిచేసే నోరీన్ నిన్న ఐస్‌క్రీం కోసం తలుపు తీసి మూసేసింది. "లియోనా, మీ ఆయన్ని ముక్కలు కోసేశావేమో అనుకున్నానే" అంది. హార్లన్ ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే. అతను ఫక్కున నవ్వాడు. కుడి పెదవి కూడా కొంచెం కదిలింది.

జూన్ 12

డ్వైట్ వచ్చి, నేను ఇంట్లో ఉండగానే అడవిలో నెత్తురు చుక్కలు వేసి వెళ్ళాడు. దారి ఎటో నాకు తెలియదు. అదే అసలు పరీక్ష అట. దారి తెలిస్తే మనిషి కుక్కను నడుపుతాడు, తెలియకపోతే కుక్క మనిషిని నడుపుతుంది.

నాలుగు వందల అడుగుల దాకా బాగానే ఉంది. అక్కడ ఫెర్న్ ఆకుల మధ్య ట్రూడీ ఎడమకు లాగింది. కుడిపక్క కాలిబాట ఉంది. జింకైనా ఎవరైనా అడ్డం లేని దారినే కదా పోయేది అనుకుని కుడికి లాగాను. అది ఎడమకు. నేను కుడికి. చివరికి అది కూలబడి నా మొహం చూసింది. అలసిపోయింది పాపం అనుకుని ఎత్తుకుని వచ్చేశాను.

జాడ చివర డ్వైట్ పెట్టిన జింకతోలు ముక్క ఎడమ పక్కనే, ఇరవై అడుగుల దూరంలో ఉందట.

డ్వైట్ గట్టిగా అరిచే మనిషి కాడు. "దానికి ఆ ముక్కు అరవై వేల ఏళ్ళుగా ఉంది. నీకు ఈ బుర్ర ఎన్నాళ్ళుగా ఉంది?" అన్నాడు. తర్వాత అరటిపండు కేకు రెండు ముక్కలు తిని వెళ్ళాడు.

ట్రూడీకి క్షమాపణ చెప్పుకున్నాను. ఎవరూ లేనప్పుడు.

జూన్ 26, గురువారం

ట్రక్కు స్టార్టు కాలేదు, ఫిజియోథెరపీకి వెళ్ళలేకపోయాం. తర్వాత అయింది.

పన్నెండు గంటల జాడ. మధ్యలో జల్లు కూడా పడింది. అయినా తీసింది.

జులై 9

ఒకటిన్నరకు వస్తానని మూడున్నరకు వచ్చాను. వరండాలో ఎండ హార్లన్ మీదికి తిరిగింది. కుర్చీని తను జరుపుకోలేడు. ముఖం కందిపోయి ఉంది. నీళ్ళ గ్లాసు కింద పడి ఉంది. చల్లటి బట్ట పెట్టాను.

వరండాకు గొడుగు కొన్నాను.

జులై 24, గురువారం

హార్లన్‌కు కాస్త నలతగా ఉన్నట్టనిపించింది, చికిత్సకు వద్దనుకున్నాం. బాగానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపాడు కానీ, ముందుజాగ్రత్త మంచిది.

ఇరవై గంటల జాడ!! తొమ్మిది వందల అడుగులు, నాలుగు వంపులు, ఒకచోట నేను కావాలనే అరవై అడుగులు ఒక్క చుక్కా వేయలేదు. ఆ ఖాళీ దగ్గర గుండ్రంగా ఒకసారి తిరిగి, రెండోసారి కొంచెం పెద్దగా తిరిగి, మూడోసారి తిరుగుతూ పట్టేసింది. తాడు నా చేతిలో ఒక్కసారిగా బిగిసింది. చేప పడ్డప్పుడు గాలానికి అలాగే అవుతుందని మా నాన్న అనేవాడు. నాకు యాభై ఏడేళ్ళు. ఇన్నేళ్ళకు అదేమిటో తెలిసింది.

ఇంటికొస్తుంటే ట్రక్కులో పాడాను.

ఆగస్టు 9, శనివారం

రాతపరీక్ష పాసయ్యాను. యాభైలో నలభై ఏడు. కుక్కతో గాయపడ్డ జింకను వెతకాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి, కుక్కను తాడుతో పట్టుకునే ఉండాలి. ఫారంలో పేరు అని ఉన్నచోట పెన్ను కొంచెంసేపు ఆగింది. లియోనా టీటర్ అని రాశాను. ఇంకెవరి పేరు రాస్తాను, పరీక్ష రాసింది నేనే కదా. హార్లన్ లేచాక అతనూ రాసుకుంటాడు.

కార్డు అతనికి చూపించాను. చాలాసేపు పట్టుకుని చూశాడు. బొటనవేలు నా పేరు మీద ఉంది.

సెప్టెంబరు 4

బడి తెరిచారు. మూడు వందల అరవై మందికి మాకరోనీ. రెండింటికల్లా ఇంట్లో, రెండున్నరకల్లా అడవిలో. ఆగస్టులో ఇంకో రెండు గురువారాలు హార్లన్ చికిత్సకు వీలు పడలేదు.

సెప్టెంబరు 15

హార్లన్ చేతికర్ర పట్టుకుని పోస్టు డబ్బా దాకా నడిచి, ఉత్తరాలు తెచ్చాడు. పోనూ రానూ నూట పది అడుగులు. నోరీన్ ఏడ్చింది. డ్వైట్ టోపీ తీశాడు. ఇన్నాళ్ళ మా కష్టానికి ఫలం. దేవుడు చల్లగా చూశాడు.

సెప్టెంబరు 16

సరిగా నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 21

హార్లన్ మనసులో ఏముందో నాకు తెలిసింది ఆ కార్డు మీద నా పేరు పట్టుకున్నప్పుడు కాదు, ట్రూడీ పట్టీ చూసి. ఇవాళ పట్టీ మేకు మీద లేదు. హార్లన్ ఒళ్ళో ఉంది. ఎడమ చేత్తో దాని బకిల్ తీస్తూ, పెడుతూ ఉన్నాడు. నేను వెళ్ళి తీసుకున్నాను. ఇచ్చాడు.

అక్టోబరు 1

విల్లు వేట ఈ రోజే మొదలు. ఫోన్ పక్కనే పెట్టుకుని మాకరోనీ వండాను. ఎవరూ చేయలేదు.

అక్టోబరు 4

మొదటి పిలుపు. పెట్రోలు బంకులో పనిచేసేవాడు చేశాడు, బాణం జింక వీపు పైభాగాన తగిలిందట. ట్రూడీ మైలున్నర తీసుకెళ్ళింది. చివరికి మా ముందే ఆ జింక పొద మీదుగా దూకి, తోక ఎత్తి వెళ్ళిపోయింది. బతుకుతుంది అన్నాను. వాడికి ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం భలే సంతోషమేసింది. చావదని తెలియడం కూడా దొరకడమే.

అక్టోబరు 11, శనివారం

దొరికింది.

మొదటినుంచీ రాస్తాను. ఎల్మర్ గ్రిగ్స్ అని కొండవైపు పాడి రైతు. పొద్దున ఏడున్నరకు ఆడ జింకను కొట్టాడు. బాణం ఆనవాలు చెప్పమంటే, దాని మీది నెత్తురు లేత ఎరుపు, సన్నటి నురగ అన్నాడు. ఊపిరితిత్తి. ఒక్కటే అయితే దూరం పోతుంది. తొందరపడి తరమొద్దని, కదలకుండా కాఫీ తాగమని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పదింటికి వెళ్ళాం.

రెండు వందల అడుగుల దాకా నెత్తురు మనిషికీ కనపడుతుంది. తర్వాత ఏమీ లేదు. మేపుల్ ఆకులు రాలి నేలంతా ఎర్రగానే ఉంది, ప్రతి ఆకూ నెత్తురే అనిపిస్తుంది. ఎల్మర్ వంగి ఒక్కొక్క ఆకూ తిరగేస్తున్నాడు. ట్రూడీ అతన్ని దాటుకుని, తాడును గుంజుతూ, పైన్ చెట్ల మధ్యకు దిగింది. అటు పోదమ్మా, జింక నీటివైపు పోతుంది అన్నాడు అతను. జూన్ పన్నెండు గుర్తొచ్చింది. నోరు మూసుకుని వెనకే వెళ్ళాను.

ఆరు వందల అడుగుల దగ్గర, పడిపోయిన చెట్టు అవతల, పడుకున్నట్టుగా ఉంది. ట్రూడీ దాని మెడ బొచ్చు పట్టుకుని, తనకంటే పదిరెట్లున్నదాన్ని లాగబోయింది. ఎల్మర్ టోపీ తీసి, మోకాలి మీద కూర్చుని, జింక మీద చెయ్యి వేశాడు. చలికాలానికి మాంసం అని కాదండీ, పోగొట్టి ఉంటే ఈ ఏడు మళ్ళీ విల్లు పట్టేవాణ్ణి కాదు అన్నాడు. అంత పెద్ద మనిషి ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు పరిగెత్తాలనిపించింది. యాభై ఏడేళ్ళదాన్ని, ఆ పైన్ చెట్ల చుట్టూ పరిగెత్తాలనిపించింది.

హార్లన్‌కు అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తి ఆపి, నోటుపుస్తకంలో గీయించుకున్నాడు. ఎక్కడ తిరిగింది, గాలి ఎటు. చివర "బాగా" అన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అలసట అయి ఉంటుంది.

అక్టోబరు 14

మరొకటి దొరికింది. కొమ్ములకు ఎనిమిది మొనలు.

అక్టోబరు 18

మరొకటి. నోరీన్ నన్ను బడిలో 'నెత్తురు లియోనా' అని పిలుస్తోంది. పిల్లలు కూడా మొదలుపెట్టారు. ప్రిన్సిపాలు పిలిచి అడిగాడు.

అక్టోబరు 19

హార్లన్ తాడు వైపు చూపించి, తన ఛాతీ మీద తట్టుకున్నాడు. నేను. తాడు. అంతే, అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇంకా ఎగుడుదిగుడు నేల మీద వద్దని డాక్టరు అన్నాడని చెప్పాను.

డాక్టరు అలా అనలేదు.

అక్టోబరు 22

బడినుంచి వచ్చేసరికి హార్లన్ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఫిజియోథెరపీ చేసే షార్లీన్ చేసిందట. అతనికి మాటలు కూడా రావు కదా, ఎలా మాట్లాడాడో. మే నుంచి అయిదు సార్లు రాలేదు, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగిందట. ఇదంతా అతను నాకు చెప్పలేదు. షార్లీనే మళ్ళీ నాకు చేసి చెప్పింది. "హార్లన్ ఏమీ అనలేదండీ, వింటూ ఉన్నాడంతే" అంది.

రాత్రికి బంగాళదుంపల సూప్ చేశాను. తిన్నాడు.

అక్టోబరు 25, శనివారం

సాయంత్రం అయిదింటికి రాక్సీన్ ప్రూయిట్ ఫోన్ చేసింది. మాకు పోస్టు తెచ్చే అమ్మాయే. నాలుగింటికి పెద్ద మగ జింకను కొట్టింది. బాణం మీద గోధుమరంగు జిగురు, పేడ వాసన. పొట్టలో తగిలింది. అంటే చావు ఖాయం, కానీ మెల్లగా. రేపు పొద్దున దాకా ఎవరూ ఆ పొలంలో అడుగు పెట్టొద్దు అన్నాను. రేపు మధ్యాహ్నానికి వాన అంటున్నారు. వాన కంటే ముందు దొరకాలి, కొయొటీ నక్కల కంటే ముందు దొరకాలి.

నేనూ వస్తా అన్నాడు హార్లన్. "నేనూ" అని ఒక మాట, "వస్తా" అని ఒక మాట, మధ్యలో ఊపిరి. ట్రక్కులో కూర్చుంటానంటే సరేనన్నాను.

అక్టోబరు 26, ఆదివారం

ఇవాళే రాయాలి.

ఏడింటికి నలుగురం కలిశాం. నేను, రాక్సీన్, డ్వైట్, ట్రక్కులో హార్లన్. పట్టీ వేశాను. ట్రూడీ మూడు క్షణాల్లో అందుకుంది. రెండు వందల గజాల దగ్గర పాత బండిబాట వచ్చింది. బాట పైకి, గట్టువైపు, రెండు నెత్తురు చుక్కలు డ్వైట్‌కు కనపడ్డాయి. ట్రూడీ కిందికి లాగింది, బురదనేలలోకి. అక్కడ చుక్క లేదు.

"అది వేరే జింక మీదికి మారింది. నెత్తురు ఇక్కడుంటే అక్కడేం పని?" అన్నాడు డ్వైట్. ముప్పై ఏళ్ళ మనిషి. రాక్సీన్ నా మొహం చూసింది.

మీరే కదా చెప్పింది, దాని ముక్కు వయసు ఎంతో అన్నాను. డ్వైట్ గడ్డం గోక్కుని, "అన్నానా? అయితే పో" అన్నాడు. మోకాళ్ళు బురదకు పనికిరావు కాబట్టి, మా ట్రక్కు తీసుకుని హార్లన్‌తో చుట్టూ తిరిగి, అవతలి గడ్డిపొలం దగ్గరికి వస్తానన్నాడు.

బురదలోకి ముప్పై అడుగులు పోయామో లేదో, ఒక తుంగ మొదట్లో గోధుమరంగు మరక. జింక గట్టెక్కి, వచ్చిన దారినే దిగిందన్నమాట. ట్రూడీ ఆ ఎక్కడం దిగడం వదిలేసి అడ్డదారి పట్టింది. రాక్సీన్ నా భుజం మీద కొట్టింది, గట్టిగా. నీళ్ళలో వాసన ఎలా నిలుస్తుందో నాకు తెలియదు. ట్రూడీ పొట్ట నీళ్ళకు తగులుతోంది, తల మాత్రం పైకెత్తి గాలి తాగుతున్నట్టు పోతోంది. పదకొండు వందల గజాలు. రెండుచోట్ల జింక పడుకున్న గుంటలు, రెండోది ఇంకా వెచ్చగా. దగ్గరగా ఉంది, చాలా దగ్గరగా ఉంది అనుకుంటూ అడుగు వేశాను. కాలు తొడదాకా దిగిపోయింది. బయటికి గుంజేసరికి మోకాలు మెలితిరిగింది.

రాక్సీన్ నన్ను అవతలి గట్టుకు ఎలా చేర్చిందో తెలియదు. గడ్డిపొలం అంచున ట్రక్కు ఉంది. నిలబడబోతే మోకాలు నిలవనివ్వలేదు. పొలం అవతల ఎండిన గోల్డెన్‌రాడ్ పొదలు మనిషెత్తున. ట్రూడీ వాటివైపు తాడు గుంజుతూ ఒకటే మూలుగు. మబ్బు దిగుతోంది. రాక్సీన్ తాడు పట్టుకుంటే ట్రూడీ కూలబడి నా దగ్గరికి పాకింది. డ్వైట్ వైపు చూశాను.

"నా వంక చూడకు. అడిగినవాడు వేరే ఉన్నాడు" అన్నాడు.

హార్లన్ అప్పటికే ట్రక్కు దిగి వస్తున్నాడు. ఒక ఎడమ చెయ్యే ఉంది. కర్ర పట్టుకుంటే తాడు పట్టుకోలేడు, తాడు పట్టుకుంటే కర్ర పట్టుకోలేడు. నా ముందు నిలబడ్డాడు. కర్ర డ్వైట్‌కు ఇచ్చాడు. ఎడమ చెయ్యి చాచాడు.

పడతావు అన్నాను.

"పడతా" అన్నాడు.

లైసెన్సు నాది, నేను ఇక్కడే ఉన్నాను, అది తప్పేం కాదు అని నాలో నేను అనుకున్నాను. ఇదంతా ఎందుకు అనుకున్నానో నాకు తెలుసు. తాడు ఇచ్చాను. వేళ్ళు వెంటనే విడవలేదు. అతను ఆగాడు, లాక్కోలేదు.

రాక్సీన్ అతని కుడి మోచెయ్యి పట్టుకుంది. ట్రూడీ వెనక్కి తిరిగి నన్ను చూసింది. పో అన్నాను. పోలేదు. పో అమ్మా, పో అన్నాను. పోయింది.

పొదలు వాళ్ళను మింగేశాయి. పైన ఎండిన పూలగుత్తులు కదలడమే కనపడుతోంది. అప్పుడు వినపడింది. హార్లన్ గొంతు. "ఆఁ, అలాగే... మెల్లగా, మెల్లగా బంగారం... ఎక్కడ పోయిందది, చూపించు... ఆ ముళ్ళు వద్దు, ఇటు రా... అదీ, అదీ నా తల్లి." ఆగకుండా, వెతుక్కోకుండా, గడ్డి కోసినట్టు. ఫిబ్రవరి నుంచి ఏ మనిషితోనూ అలా మాట్లాడలేదు. డ్వైట్ అటు తిరిగి ట్రక్కు అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

తర్వాత ధబ్బుమని చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను లేచేశాను, మోకాలు ఏమైందో గుర్తులేదు.

"లియోనా" అని పిలిచాడు. పూర్తిగా. మూడు అక్షరాలూ.

డ్వైట్ భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళాను. హార్లన్ నేలమీద కూర్చుని ఉన్నాడు, గడ్డంలో గోల్డెన్‌రాడ్ గింజలు, చెంప మీద గీత. పక్కనే జింక, పది మొనలది, అప్పుడే ప్రాణం పోయింది. ట్రూడీ దాని వీపు మీదికి ఎక్కి నిలబడింది. రాక్సీన్ నవ్వుతోంది, ఏడుస్తోంది. పడ్డావా అంటే, పడ్డా అన్నాడు. నవ్వాడు. ముఖమంతా నవ్వాడు, కుడిపక్క కూడా.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ నవ్వు చూసి నోరు రాలేదు. మెలితిరిగింది ఎడమ మోకాలు కాబట్టి నేనే నడుపుతూ ఇంటికి వస్తుంటే, తొలి చినుకులు పడుతుంటే చెప్పాను. ఆ అయిదు సార్లూ రద్దీ లేదు, ట్రక్కు బాగానే ఉంది, నీకు నలత లేదు, నేనే మానిపించాను, కుక్క కోసం అన్నాను. డాక్టరు వద్దనలేదు, అదీ నేనే అన్నాను.

"తెలుసు" అన్నాడు.

నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. గ్రిగ్స్ వాళ్ళ కొట్టం దాటాక ట్రక్కు డాష్‌బోర్డు మీద ఎడమ చేత్తో ఒక్కటి చరిచాడు. "నా చెయ్యి అది. నీ... ఆట కాదు. అయిదు వారాలు. ఇది..." కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి చూపించాడు. "ఇది కదిలేదేమో."

కదిలేదేమో. నాకూ తెలియదు. ఎవరూ చెప్పలేరు.

ఎంత సంతోషంగా ఉన్నానో ఈ ఏడాది, సిగ్గు లేకుండా, నువ్వు అలా ఉండగానే అన్నాను. చెప్పాక ఊపిరి వచ్చింది.

"చూశా" అన్నాడు. "కిటికీలోంచి. నువ్వు నవ్వేదానివి... అది నీ వెనక. నాకు ఏడుపొచ్చేది." కిటికీ వైపు తిరిగి, "అయినా చూసేవాణ్ణి" అన్నాడు.

రాత్రి భోజనం దాకా నాతో మాట్లాడలేదు. మాట రాక మాట్లాడకపోవడం ఒకటి, కోపమొచ్చి మాట్లాడకపోవడం ఒకటి. ఇవాళ్టిది రెండోది. ఎనిమిది నెలల్లో మొదటిసారి నా మొగుడు నా మీద అలిగాడు.

అక్టోబరు 28, మంగళవారం

సెలవు పెట్టి చికిత్సకు తీసుకెళ్ళాను. ఇద్దరం కుంటుకుంటూ వస్తుంటే షార్లీన్, ఎవరికి చెయ్యాలమ్మా చికిత్స అంది. ఆ తప్పిపోయిన రోజుల సంగతి ఆమెకూ చెప్పాను. ఆమె ఒకసారి నన్ను చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, ఇకమీదట మంగళ, గురువారాలు రెండూ రావాలి అంది. వేటకాలం అయ్యేదాకా ఆ రెండు రోజులూ బడికి సెలవు రాసిచ్చాను.

హార్లన్ ఇంకా పూర్తిగా దారికి రాలేదు. కాఫీలో చక్కెర తక్కువైందని సాధించాడు. సరిపోయింది, నాకు తెలుసు.

అక్టోబరు 30, గురువారం

పదింటికి, హార్లన్ వేళ్ళతో బట్టల క్లిప్పు తీయడానికి తంటాలు పడుతుంటే, నా సంచిలో ఫోన్ మోగింది. ఈ నెలలో మోగిన ప్రతిసారీ రెండో మోతకు ఎత్తాను. చెయ్యి సంచిదాకా పోయింది. మోగనిచ్చాను. డ్వైట్‌కు వెళ్తుంది, వెళ్ళనీ. క్లిప్పు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. జారింది. నాలుగోసారి కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి దాన్ని బల్లమీంచి అంగుళం లేపాయి. షార్లీన్ అరిచింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అయ్యాక హార్లన్, ఫోన్ ఎవరు అన్నాడు. ఎవరో జింకను కొట్టినవాళ్ళు, ఇప్పుడు డ్వైట్ చూసుకుంటాడులే అన్నాను. నా మొహంలోకి చూశాడు. తర్వాత షార్లీన్ వైపు తిరిగి, ఒక్కొక్క మాటా ఎంచి ఎంచి, "ఏడింటికి. రావొచ్చా? మంగళ, గురు" అన్నాడు.

మేం తెరిచేదే ఎనిమిదింటికండీ, ఎందుకంత పొద్దున్నే అంది ఆమె.

"వేటకాలం" అన్నాడు, తెలియనివాళ్ళకు చెప్పినట్టు. "తొమ్మిదికల్లా... మేం అడవిలో ఉండాలి."

మేం అన్నాడు. ఏడున్నరకు ఒప్పించాడు. ట్రక్కు ఎక్కుతూ, ఏడే అడుగు గట్టిగా అని నేను వెనకనుంచి పొడవలేదని నన్నే తిట్టాడు.

ఇప్పుడే డ్వైట్ చేశాడు. పొద్దుటి జింకను అతని ముసలి కుక్క వాగు దగ్గర పోగొట్టిందట. మూడింటికి ట్రూడీని తెమ్మన్నాడు. దిగువన చదును నేల హార్లన్‌కు, వాగు దాటాక నాకు. అలా పంచుకున్నాం. వాగు ఎక్కడ మొదలవుతుందనే దాని మీద ఇంకా తగాదా పడుతున్నాం.

రెండుంబావు అయింది. హార్లన్ బూట్లు తనే తొడుక్కున్నాడు. ఎడమది కుడికాలికి. నేను చెప్పలేదు. తనే చూసుకుని, తిట్టుకుంటూ విప్పుతున్నాడు. ట్రూడీ తలుపు గీకుతోంది. ఇద్దరూ ఆగేలా లేరు.